నౌపడాలో దిగేవాళ్ళం

రైల్వే పాసు చేతికొచ్చిందంటే ఖరగ్‌పూర్ ఖరిదాలో ఆ ఇంటి సంగతి వీధంతా తెలిసిపోయేది. ట్రంకుపెట్టె అటక దిగేది. హోల్డాల్ ఎండలో పడేది. మట్టి కూజాకి గుడ్డ చుట్టేవారు. "ఎప్పుడెల్తన్నారు?" అని పక్కింటివాళ్ళు అడిగేవారు గాని, "ఎక్కడికి?" అని ఎవరూ అడిగేవారు కాదు. ఖరిదా తెలుగువాళ్ళు పాసు మీద వెళ్ళే చోటు ఒక్కటే, ఊరు. అది ఒకరికి చీపురుపల్లి దగ్గర, ఒకరికి బొబ్బిలి దగ్గర, ఇంకొకరికి సోంపేట దగ్గర. మాది టెక్కలి దగ్గర తెలినీలాపురం. ఖరగ్‌పూర్ అంతా దుర్గాపూజ పందిళ్ళ చుట్టూ తిరిగే రోజుల్లో మేం ఊరి దారి పట్టేవాళ్ళం. వర్క్‌షాపులో నాన్నకి సెలవు కుదిరేది అప్పుడే. ఆ వేళకి మా ఊరికి పక్షులూ వచ్చేసి ఉండేవి.

మా తాతల తరం ఇంత దూరం రావడానికి కారణం బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో పుట్టిన ఆ కంపెనీ ఖరగ్‌పూర్‌లో జంక్షన్ పెట్టి, పెద్ద వర్క్‌షాపు కట్టింది. వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పుతీరపు లైను 1902లో దాని చేతికే వచ్చింది. శ్రీకాకుళం పల్లెల పక్క నుంచి పోయే బండీ, ఖరగ్‌పూర్‌లో ఇనుము కొట్టే పనీ ఒకే యజమానివయ్యాయి. పంట పోయిన ఏడు, అప్పు పెరిగిన ఏడు మనిషి పట్టాల వెంట ఉత్తరానికి వచ్చేసేవాడు. ఖలాసీగానో గ్యాంగ్‌మన్‌గానో చేరేవాడు. కాలు నిలదొక్కుకున్నాక తమ్ముణ్ణి, ఆ తర్వాత బావమరిదిని పిలిపించుకునేవాడు. అలా ఖరిదా, మథురకాటి, నిమ్‌పురా, మలంచ వీధుల్లో ఉత్తరాంధ్ర యాస కాపురం పెట్టింది. 1944లో కంపెనీ పోయి సర్కారు వచ్చింది, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అన్న పేరు వచ్చింది. మా ముసలాళ్ళకి మాత్రం చివరిదాకా అది బియ్యన్నారే. మా వీధిలో తిట్లు హిందీలో, బేరాలు బెంగాలీలో, ఏడుపులు తెలుగులో నడిచేవి.

రాత్రిపూట మద్రాసు మెయిల్ ఎక్కేవాళ్ళం. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం కిలోమీటరు దాటిన పొడవు. 2013లో గోరఖ్‌పూర్ వచ్చి ఆ పేరు పట్టుకుపోయేదాకా ప్రపంచంలో అదే పొడవైందని మాకు గొప్ప. మా బోగీ అటు చివర ఆగిన రోజున ఆ గొప్ప ఎంత పొడవుందో ట్రంకుపెట్టె మోసే నాన్న భుజానికి తెలిసేది. పిల్లలం పులిహోర పొట్లాల మీద కన్నేసి, అవి విప్పకముందే నిద్రపోయేవాళ్ళం.

తెల్లవారుతూనే ఎడమవైపు కిటికీ కోసం పోట్లాట. కాలుపడాఘాట్ వచ్చిందంటే చిలిక సరస్సు వచ్చినట్టే. బాలుగావ్ దాటి ఖల్లికోట, రంభ దగ్గరికొచ్చేసరికి ఇటు కొండ, అటు నీళ్ళు, నడుమ మా బండి. నీళ్ళలో గుచ్చిన వెదురు కర్రలు, వాటికి కట్టిన వలలు, వాలు తెరచాపల నాటుపడవలు. ఎక్కడో దీవి మీద కాళీజాయి గుడి ఉందని అమ్మ అటు తిరిగి చేతులు జోడించేది. ఇంజను బొగ్గునలుసు కంట్లో పడితే కొంగు ముడిచి, ఊది, వెచ్చగా అద్దేది. చిలికంతా మేం కిటికీ వెడల్పులోనే ఎరుగుదుం. అక్కడ దిగాలని ఎవరికీ తోచలేదు. పాసు మీద రాసిన స్టేషను వేరు.

పలాసలో మెయిలు దిగి పాసింజరు ఎక్కితే పూండి, ఆ పైన నౌపడా. నౌపడా అనగానే కళ్ళు చిట్లించాల్సిందే. స్టేషనుకి అవతల ఉప్పుకొటార్లు, ఎండలో మెరిసే ఉప్పు రాశులు. ఆ స్టేషన్లోనే ఇంకో పక్కన రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు, వాటి మీద మా చిన్నబండి. పర్లాకిమిడి రాజావారు సొంత ఖర్చుతో వేయించిన లైను అది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా నడిచింది, 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు, మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం అన్నీ దాని మీదివే. ఖరగ్‌పూర్‌లో రాకాసి ఇంజన్లు చూసి పెరిగినవాళ్ళం కదా, ఆ ఇంజను పక్కన నిలబడితే మాకే జాలేసేది. అది మాత్రం ఎవరి జాలీ పట్టించుకోకుండా, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కేదాకా ఆగి, మేకలకీ గంపలకీ చోటిచ్చి, తన పద్ధతిలో తాను పోయేది. పొలంలో ఎవరు పని చేస్తున్నారో, ఎవరింటి గోడ కూలిందో కిటికీలోంచి చూసి పోల్చుకునే వేగం దానిది. టెక్కలిలో దిగేసరికి నాన్నకి ఆ ఏడాది ఊరి కబుర్లు సగం తెలిసిపోయి ఉండేవి.

ఊరు ఇంకా కనిపించకముందే పక్షులు తగిలేవి. ముందు వాసన. పచ్చిచేప, రెట్ట, తడిసిన ఆకులు కలిసిన వాసన. తర్వాత చప్పుడు. ఎర్రకాళ్ళ కొంగకి గొంతు లేదనే చెప్పాలి, ముక్కు చెక్కల్ని టకటకా కొట్టుకుంటుంది. పిల్లలకి మాత్రం గొంతు ఉంది, పొద్దస్తమానం ఆకలే. ఇంటి చూరు మీదికి వంగిన చింతచెట్లలో కొమ్మకి అయిదారు గూళ్ళు. గూడబాతు దిగుతుంటే కొమ్మ మొత్తం కిందికి ఊగేది. మింగి తెచ్చిన చేపని గొంతు కింది సంచిలోకి కక్కితే, పిల్ల తలకాయంతా లోపలికి దూర్చి అందుకునేది. గురి తప్పిన చేప మా వాకిట్లో పడేది.

మొదటి పూట ముక్కు మూసుకునే తిరిగేవాళ్ళం. మామ్మ ఊరుకునేది కాదు.

"ఏటిరా గుంటా, ముక్కు మూసీసుకుంతన్నావు? ఆడపిల్లలు పురిటికొచ్చినారు. పురిటిల్లు వాసనెయ్యదేటి?"

ఆ మాటతో ఊళ్ళో చట్టం అంతా వచ్చేసింది. పురిటికొచ్చిన పిల్లని ఎవరూ వెళ్ళిపొమ్మనరు. చెట్టు కొట్టరు. రాయి విసరరు. గూట్లోంచి జారిన పిల్లని కుక్క పట్టకుండా గంప కింద మూసి, కాస్త తేరుకున్నాక చెట్టెక్కగలిగిన కుర్రాడికి అప్పగిస్తారు. పెంకుల మీద సున్నం కొట్టినట్టు రెట్ట పడుతుంది, బావి మీద తడికె కప్పుకోవాలి, ఆరేసిన ధాన్యానికి మనిషి కాపలా ఉండాలి. విసుక్కునేవాళ్ళు లేకపోలేదు. విసుక్కుంటూనే ఆ చెట్టు కింద కాపురం చేసేవారు. పక్షులు రాని ఏడు వాన కూడా రాదని నమ్మకం. సెప్టెంబరు దాటుతున్నా ఆకాశం ఖాళీగా ఉంటే, చేలో పని మానుకుని మరీ తలెత్తి చూసేవారట.

అవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్ళో అందరూ చెప్పేవారు, పేపర్లు ఇప్పటికీ రాస్తాయి. నిజానికి గూడబాతూ ఎర్రకాళ్ళ కొంగా మన పక్షులే. భారతదేశం, శ్రీలంక, ఇంకా చుట్టుపక్కల, తూర్పున కొన్ని దేశాలు దాటి వాటి బంధుత్వం పోదు. వాన ఎక్కడ పడింది, నీళ్ళు ఎక్కడ నిలిచాయి, చేప ఎక్కడుంది అని చూసుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతుంటాయి. ఎంత దూరం నుంచి వచ్చాయంటే అంత మర్యాద, అదీ సంగతి. మమ్మల్ని కూడా ఊళ్ళో "కలకత్తా నుంచొచ్చినారు" అనేవారు. ఖరిదా అంటే ఎవరికి తెలుస్తుంది? మేమూ సరిదిద్దేవాళ్ళం కాదు.

ఊళ్ళోకి అడుగుపెట్టిన ఏ కొత్తముఖాన్నైనా మొదట అడిగే మాట ఒకటుండేది, "ఎవులింటికొచ్చినారు?" గాజులమ్మేవాడికైనా, సర్వే ఆఫీసరుకైనా, బెంగాల్ నుంచొచ్చిన మాకైనా అదే ప్రశ్న. జవాబు చెప్పగానే ఆ మనిషికి ఊళ్ళో ఒక చోటు, ఒక మంచం, ఒక పూట భోజనం ఖాయమయ్యేవి. అతని తప్పొప్పులకి ఆ ఇంటివాళ్ళు పూచీ. పక్షుల విషయంలోనూ ఊరి లెక్క అదే. కరణంగారి చింత మీద ఎన్ని గూళ్ళు, చెరువుగట్టు రావి మీద ఎన్ని అని ఇంటిపేర్లతో చెప్పుకునేవారు. ఏ పక్షి ఎవరింటికి వచ్చిందో తెలుసు. మా వాకిట్లో పడ్డ పిల్లకి మామ్మదే పూచీ.

పోయినవాటిని ఇప్పుడు వరస పెట్టి చెప్పడం సులువే గాని, పోతున్నప్పుడు వరసగా పోలేదు. బొగ్గు ఇంజను ఎప్పుడు కనుమరుగైందో సరిగ్గా గుర్తు లేదు. ఒక ఏడాది కంట్లో నలుసు పడలేదు, అంతే. 2004లో మా చిన్నబండి ఆగిపోయింది. పట్టాలు పీకి, వెడల్పు చేసి, 2011 నాటికి పెద్దబండ్లు గుణుపురం పంపించారు. జనానికి అది మేలే. గంటలు పట్టే ప్రయాణం తగ్గింది. కానీ ఎవరింటి గోడ కూలిందో ఆ కిటికీలోంచి పోల్చుకోవడం ఇక కుదరదు. నాన్న రిటైరయ్యాక పాసులు తగ్గాయి, మామ్మ పోయాక పాసు మీద రాయించే స్టేషను మారింది. తిరుపతి, హరిద్వారం వచ్చాయి. ఖరిదాలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే మిగిలాయి, చదివే పిల్లలు తగ్గారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఒప్పుకుంది. ఆ కబురు మా వీధిలో చాలామంది బెంగాలీ పేపర్లో చదువుకున్నారు.

అక్కడ ఊరికీ దెబ్బలు తగులుతూనే ఉన్నాయి. పక్షులు పడుకునేది తెలినీలాపురంలోనైనా, తినేది నౌపడా తంపరలో. వానాకాలం మంచినీళ్ళూ సముద్రపు ఉప్పునీళ్ళూ కలిసే చిత్తడి అది. చేపకీ, తుంగకీ, పశువుల మేతకీ చుట్టుపక్కల ఊళ్ళన్నీ దాన్నే నమ్ముకున్నాయి. బయటివాళ్ళ కాయితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. కాకరాపల్లి దగ్గర ఆ తంపరలో థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు వడ్డితాండ్ర జనం అడ్డంపడ్డారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. వాళ్ళు పోట్లాడింది తమ చేప కోసం, తమ మేత కోసం. మా వాకిట్లోని గూడబాతు పిల్ల తిండి కూడా ఆ పోట్లాటలోనే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మా వైపు పెద్ద చెట్లూ చాలా పోయాయి. చింతచెట్టు పడిపోతే దాని చోటులో ఇంకోటి ఆ ఎత్తుకి రావడానికి ఒక మనిషి జీవితం పడుతుంది. 2021 చివర, 2022 మొదట్లో ఇంకో దెబ్బ. వందకు పైగా గూడబాతులు చచ్చిపోయాయి. తిన్న చేపల్లోని నులిపురుగులు కారణమన్నారు. ఫోన్లో వచ్చిన ఫొటోలు చూడలేక పక్కన పెట్టేశాను.

ఎంతో కాలంగా కిటికీలోంచి చూసి వదిలేసిన చిలిక ఒడ్డున ఈ మధ్య దిగాను. సరస్సు ఉత్తరపు అంచున, టాంగీ దగ్గర మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు అది పక్షుల్ని వేటాడి అమ్ముకునే ఊరు. విషం పెట్టేవారు, తుపాకీ పేల్చేవారు. వేటగాళ్ళే 2000లో మహావీర్ పక్షి సురక్షా సమితి పెట్టుకుని వేట మానేశారు. తర్వాత కొన్నేళ్ళకి ఊరివాళ్ళే పడవలు నడిపి జనానికి పక్షుల్ని చూపించడం మొదలుపెట్టారు. పడవకి మోటారు లేదు, పొడవాటి గెడతో నెడతారు. నన్ను తీసుకెళ్ళినతను తుంగ కదలికని బట్టి లోపల ఏ పక్షి ఉందో ముందే చెప్పేవాడు. ఆ విద్య ఎలా వచ్చిందని అడగనక్కర్లేదు. చంపడానికి నేర్చుకున్న చూపే ఇప్పుడు చూపించడానికి పనికొస్తోంది. శీతాకాలంలో లక్షకు పైగా పక్షులు దిగే ఆ చిత్తడిలో కాపలాదారూ అతనే, పడవవాడూ అతనే.

మా మేనల్లుడు కంబోడియా వెళ్ళొచ్చి ఇంకో కథ తెచ్చాడు. అక్కడ తోన్లే సాప్ అనే సరస్సుంది. వేసవిలో దాదాపు 2,500 చదరపు కిలోమీటర్లు. వానాకాలంలో మెకాంగ్ పొంగినప్పుడు సరస్సులోంచి పోవాల్సిన ఏరు వెనక్కి తిరిగి సరస్సులోకే పారుతుంది, నీళ్ళు 15,000 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుంటాయి. అందుకే కంపాంగ్ ప్లుక్ లాంటి ఖ్మేర్ ఊళ్ళలో ఇళ్ళన్నీ ఎత్తైన కర్రల మీద ఉంటాయి. ఎండాకాలం నిచ్చెన ఎక్కి ఇంట్లోకి పోతారు, వానాకాలం పడవ గడపకే కడతారు. మునిగిన అడవిలో చిన్న పడవలు నడిపేది ఆ ఊరి ఆడవాళ్ళే. అదే సరస్సుకి వాయవ్య మూల ప్రెక్ తోల్ అనే చోటు ఉంది. అక్కడ చెట్ల మీద గూళ్ళు పెట్టేవి ఏవో ఫొటోలో చూసి ఉలిక్కిపడ్డాను. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. మా వాకిట్లోవే. 2000 ప్రాంతం దాకా అక్కడి జనం గుడ్లూ పిల్లలూ ఏరి అమ్ముకునేవారు. తర్వాత ఆ ఏరేవాళ్ళకే జీతమిచ్చి, చెట్ల మీద మంచెలు కట్టి కాపలా పెట్టారు. పక్షులు పెరిగాయి. అంతా బాగుందని కాదు. ఎగువన ఆనకట్టలొచ్చి పొంగు తగ్గుతోంది, చేప తగ్గుతోంది. కొన్ని రేవుల్లో టికెట్ల గుత్త బయటి కంపెనీకి పోయి, చూడ్డానికొచ్చిన జనం డబ్బు ఊళ్ళో దిగకుండానే వెళ్ళిపోతోంది. ఊరివాళ్ళ ఇంట్లో పడుకుని, వాళ్ళు వండింది తిన్న చోట మాత్రం లెక్క మారిందంటాడు మావాడు. "వాళ్ళింట్లో ఉన్నాం, వాళ్ళే అన్నీ చూసుకున్నారు" అన్నాడు. కొత్తగా వచ్చిన ఆ ఏర్పాటు నాకు పాతదిగానే వినిపించింది. ఎవరింటికొచ్చారో చెప్పగలిగే ఏర్పాటు అది.

తెలినీలాపురంలో ఇప్పుడు అటవీశాఖవారి వాచ్‌టవరు ఉంది, పక్షుల వివరాలు చెప్పే కేంద్రం ఉంది. కార్లలో వచ్చి, పైకెక్కి, ఫొటోలు తీసుకుని, చీకటిపడకముందే శ్రీకాకుళమో విశాఖో వెళ్ళిపోతారు. మేమూ అలాగే ఎక్కాం. పైనుంచి చూస్తే గూడబాతు గూటి లోపలి భాగం కనిపిస్తుంది. చిన్నప్పుడు ఎంత మెడ ఎత్తినా అది కనపడలేదు. బాగుంది, కాదనను. కిందికి దిగాక ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఏమీ అడగలేదు. టవరెక్కడానికొచ్చినవాళ్ళు ఎవరింటికీ రారని ఆమెకి తెలుసు. అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర మామ్మ పేరు ఉంది. అడగని మాటకి జవాబెలా చెప్పడం?

పక్షులు ఇన్నాళ్ళు నిలిచింది మా ఊరివాళ్ళు దేవుళ్ళు కాబట్టి కాదు. వాళ్ళ వాకిలి, వాళ్ళ చెట్టు, వాళ్ళ పెంకు మీద రెట్ట, వాళ్ళ వాన. కష్టం ఎవరిదో, మాట కూడా వాళ్ళదే. టవరు మీద నుంచి చూసేవాళ్ళకి వాసన రాదు, ఊరికి వాసన ఒక్కటే మిగులుతుంది. చూసేవాళ్ళు ఇచ్చే డబ్బులో నాలుగు రూపాయలు చింతచెట్టు ఉన్న ఇంటికి చేరకపోతే, ఆ చెట్టు కొట్టేసి స్లాబు వేసుకుంటే ఆ ఇంటివాణ్ణి అనడానికి మనకి నోరెక్కడిది? మంగళాజోడిలో పడవవాడికి పక్షి తిండి పెడుతోంది, అందుకే అతను పక్షికి కాపలా ఉన్నాడు. మా ఊళ్ళో చెట్టు ఉన్నవాడికీ ఆ లెక్క కుదరాలి.

మా ఊళ్ళో తాళం వేసిన ఇళ్ళు కొన్ని ఉన్నాయి. చాలావరకు బియ్యన్నార్ మీద వెళ్ళిపోయినవాళ్ళవే. మామ్మ ఇల్లూ వాటిలో ఒకటి. పెంకు సర్ది, మరుగుదొడ్డి కట్టి, ఇద్దరు ముగ్గురు పడుకునేలా చేసి, అక్కడే ఉన్న మా చిన్నాన్న కోడళ్ళకి అప్పగిస్తే పక్షుల కాలంలో వచ్చేవాళ్ళు ఒక పూట ఉంటారు, వాళ్ళు వండింది తింటారు, డబ్బు వాళ్ళ చేతికే ఇస్తారు. తెల్లవారుతూనే ముక్కు మూసుకుంటారు. ఎందుకు మూసుకోకూడదో ఆ ఇంటివాళ్ళే చెబుతారు. తాళంచెవి ఇప్పటికీ ఖరిదాలో మా బీరువాలో ఉంది. పంపించాలా, ఇల్లు అమ్మి పంచుకోవాలా అని మా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళ మధ్య వాదన ఇంకా తెగలేదు. నా ఓటు పంపించడానికే.